పిల్లియే

శనివారం రాత్రి, పటమట, విజయవాడ

ఇవాళ్టి సంగతి పడుకునేలోపే రాసెయ్యాలి. రేపటికి సగం మర్చిపోతాను.

చెల్లెలి కూతురు, మా అమ్మడు, బెంగళూరు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఏడేళ్ళపాటు బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం నేర్చుకున్న పిల్ల. "పెద్దమ్మా, నీ మూడో తరగతి పిల్లల్ని ఒకసారి చూపించవా" అని దిగిన రోజు నుంచీ అడుగుతోంది. శనివారం మా పిల్లలకి పుస్తకాల సంచుల బరువు ఉండదు కదా, ఇవాళ వెంట తీసుకెళ్ళాను. బెంజ్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో మారి కృష్ణలంకలో దిగేసరికి తొమ్మిదికి పది నిమిషాలు.

జూన్ నుంచీ వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున, పిల్లలతో కదలికల ఆటలు ఆడిస్తున్నాను. చిన్నప్పుడు నాలుగేళ్ళు కూచిపూడి నేర్చుకుని, పదో తరగతి పరీక్షలని మానేశాను. ఆ నాలుగేళ్ళే నా పెట్టుబడి. రోజంతా "కదలకుండా కూర్చోండి" అని అరిచి సాయంత్రానికి గొంతు పోగొట్టుకునేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్లలు కదలకుండా ఎలా కూర్చుంటారు? అప్పుడే న్యూయార్క్‌లో జాక్ డాంబ్వాజ్ చేసిన పని గురించి చదివాను. న్యూయార్క్ సిటీ బ్యాలే అనే నాట్యబృందంలో ప్రధాన నర్తకుడిగా వెలుగుతున్న మనిషి 1976లో నేషనల్ డాన్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, ప్రభుత్వ బడి పిల్లల దగ్గరికే నాట్యాన్ని తీసుకెళ్ళాడు. పిల్లల్ని థియేటర్‌కి రమ్మనలేదు, తనే బడికి వెళ్ళాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

హెచ్.ఎం. గారు మంచివారే. కాకపోతే పొద్దున ఒక ప్రశ్న వేశారు. "కూచిపూడి మన పక్కనే ఉంటే, ఎక్కడిదో బ్యాలే మనకెందుకమ్మా?" న్యాయమైన ప్రశ్నే. తర్వాత భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి బ్యాలే నేర్చుకోబోతే, ముందు మీ దేశపు నాట్యం ఏమిటో చూసుకోమని సలహా ఇచ్చింది రష్యన్ బ్యాలే నర్తకి ఆనా పావ్లోవాయే అని చెప్పాను. ఆ దారిలో వెళ్ళే రుక్మిణీదేవి 1936లో మద్రాసులో కళాక్షేత్ర అనే నాట్య విద్యాలయం పెట్టారు. "బ్యాలే మన నాట్యానికి పోటీ కాదు సార్, మా పిల్లలకి రెండూ కావాలి" అన్నాను. ఆయన తలూపారు. ఒప్పుకున్నారో లేదో తెలీదు గానీ తాళాలు మాత్రం ఇచ్చారు.

డ్యూయల్ డెస్కులన్నీ గోడవారకి జరిపాం. చెప్పులు, సాక్సులు బయటే. టైల్స్ మీద సాక్సులతో అడుగేస్తే జారిపడతారు, ఒట్టి పాదాలైతే నేలని పట్టుకుంటాయి. ఒక్కొక్కరికి నాలుగు టైల్స్, అది వాళ్ళ ఇల్లు. ఇరవై ఎనిమిది ఇళ్ళు.

ముందుగా పాదాలు ఎలా పెట్టాలో చూపించింది అమ్మడు. మడమలు కలిపి, వేళ్ళు బయటికి, గడియారం పదీ పది చూపించినట్టు. పిల్లలు ఈమధ్యే గడియారం నేర్చుకున్నారు కాబట్టి ఇట్టే పట్టేశారు. ఇంకా వెడల్పుగా తిప్పబోయిన వాళ్ళని ఆపింది. "పాదాన్ని లాగకూడదు నాన్నా, తొడ మొదట్లోంచి ఎంత తిరిగితే అంతే" అంది. నాకు నచ్చిన మాట అది. లేత మోకాళ్ళు, బలవంతం పనికిరాదు.

తర్వాత మోకాళ్ళు వంచడం. దాన్ని ప్లియే అంటారని చెప్పింది. మా వాళ్ళ చెవికి అది ఎలా వినపడిందో, క్లాసంతా ఒక్కసారిగా "పిల్లియే!" అంది. దిద్దబోయాను. "వద్దు పెద్దమ్మా, అదే బాగుంది" అని నవ్వింది.

నిజంగానే బాగుంది. పోయినవారం కింది గదిలో ఒకటో తరగతి టీచర్ గారు మెట్లెక్కి వచ్చి, "పైన ఏం దంచుతున్నారండీ?" అని అడిగి వెళ్ళారు. దూకినప్పుడు చప్పుడు చెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పినా నా వల్ల కాలేదు. ఇవాళ అమ్మడు ఒకే మాట అంది: "గోడ మీంచి పిల్లి దూకితే చప్పుడు వస్తుందా? ఎందుకు రాదు?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకడు దూకి చూశాడు, ధబ్‌మంది. ఇంకోసారి దూకాడు, ఈసారి ముందు వేళ్ళు, తర్వాత పాదం, ఆఖరున మడమ, ఆ వెంటనే మోకాళ్ళు వంగాయి. చప్పుడు లేదు. "మేడం, వంగితే వినపడట్లేదు!" ఇరవై ఎనిమిది మంది దూకుతుంటే పైన ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది నాకు.

వాళ్ళ ముందు నేను అరమండిలో, మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే కూచిపూడి భంగిమలో, నిలబడ్డాను. ఎన్నేళ్ళయిందో! "ఇది మనది, అది వాళ్ళది, మోకాళ్ళు చేసే పని ఒకటేనా?" అంటే ఒకటే అన్నారు. తేడా కూడా వాళ్ళే పట్టారు. అక్క వంగి పైకి లేచి మునివేళ్ళ మీద నిలబడుతోంది, మేడం వంగిన చోటే ఉండి నేలని తడుతున్నారు, అని.

ఈ పేర్లన్నీ ఫ్రెంచివి ఎందుకని ఒక పిల్ల అడిగింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ స్వయంగా నాట్యం చేసేవాడని, పద్నాలుగేళ్ళ వయసులో సూర్యుడి వేషం కట్టాడని, 1661లో నాట్యం కోసమే ఒక అకాడమీ పెట్టించాడని చెప్పింది అమ్మడు. రాజు వేషం కట్టాడన్న మాట దగ్గర మగపిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంటిబెల్లు కొట్టాక గేటు దగ్గర ఒక తండ్రి, "మగపిల్లాడికి డాన్సేంటి మేడం?" అని అడిగినప్పుడు నాకు ఆ రాజూ గుర్తొచ్చాడు, మన వేదాంతం సత్యనారాయణ శర్మ గారూ గుర్తొచ్చారు. కూచిపూడిలో సత్యభామ వేషానికి ఆయనే పేరు. అసలు కూచిపూడి ఒకప్పుడు మగవాళ్ళే ఆడిన ఆట. అదే చెప్పాను. "సరే మేడం, లెక్కలు మాత్రం తగ్గకూడదు" అని ఆటో స్టార్ట్ చేశాడు.

లెక్కల సంగతే ఇప్పుడు రాయాల్సింది.

మూడో ఆటగా చుట్లు తిరిగాం. పావు చుట్టు, అర చుట్టు, ముప్పావు చుట్టు. పలక మీద వృత్తం గీసి, భాగాలు చేసి రంగులేసిన పావూ ముప్పావూ వాళ్ళకి తెలుసు, ఒంటితో తిరగడం తెలీదు. బోర్డు వైపు చూస్తూ కుడిచెయ్యి ఎత్తమంటే అందరూ కిటికీ వైపు చెయ్యెత్తారు. అర చుట్టు తిరిగి మళ్ళీ ఎత్తమంటే సగం మంది అదే కిటికీ వైపు ఎత్తారు! వాళ్ళ లెక్కలో కుడి అంటే కిటికీ. కుడి గదికి కాదు, మనకి ఉంటుందని నాలుగైదు చుట్లు తిరిగాక గానీ తెలియలేదు. ఆ తిరగడంలోనే ఒకడు ఆగిపోయి, "మేడం, కుడికి ముప్పావు తిరిగినా, ఎడమకి పావు తిరిగినా ఒకచోటే తేలుతున్నాం!" అన్నాడు. నేను బోర్డు మీద చెప్పాలంటే ఒక పీరియడ్ పట్టేది.

అప్పుడు కళ్ళు మూసుకోమంది అమ్మడు. "కుడికి పావు చుట్టు. ఇప్పుడు తెరవండి."

ఇరవై ఏడు మంది కిటికీ వైపు. ఒక్క పిల్ల తలుపు వైపు.

పిల్లలు నవ్వారు. ఆ పిల్ల బిత్తరపోయి చుట్టూ చూసింది. దగ్గరికి వెళ్ళి, "కుడి ఎటమ్మా?" అన్నాను. "ఇటే మేడం. రాసే చెయ్యి కుడి అని మీరే చెప్పారు కదా" అని చెయ్యి చూపించింది. ఎడమ చెయ్యి. చిటికెనవేలు కిందుగా అరచేతి అంచంతా పెన్సిలు మసి. రాసుకుంటూ వెళ్ళేకొద్దీ అక్షరాల మీద చెయ్యి పాకుతుంది కదా, ఆ మసి.

పుర్రచేతి వాటం పిల్ల. అది నాకు తెలుసు. తెలిసీ, జూన్‌లో అందరితోపాటు తనకీ అదే గుర్తు చెప్పాను. మిగతా రోజుల్లో పక్కవాళ్ళని చూసి చటుక్కున చెయ్యి మార్చుకునేది కాబోలు, ఇన్నాళ్ళూ నా కంటపడలేదు. ఇవాళ కళ్ళు మూసుకుంది, తన ఒంటికి తెలిసినట్టు తను తిరిగింది.

"అన్నం ఏ చేత్తో తింటావు?" అని అడిగింది అమ్మడు. ఇంట్లో కుడిచేత్తోనే తినాలని అలవాటు చేశారట. ఆ చెయ్యి ఎత్తింది. మళ్ళీ అందరూ కళ్ళు మూసుకున్నారు, మళ్ళీ పావు చుట్టు. ఈసారి కళ్ళు తెరిచేసరికి పక్కపిల్ల జడ తన ముందు కనపడింది. ఏమీ అనలేదు, కాస్త నిటారుగా నిలబడింది. అంతే.

వచ్చేటప్పుడు బీరువాలోంచి ఆ పిల్ల వర్క్‌షీట్లు మూడూ వెంట తెచ్చుకున్నాను. ఇప్పుడు మంచం మీద పరిచి చూస్తున్నాను. "ఇంటికి కుడివైపు చెట్టు, ఎడమవైపు బావి గియ్యి." చెట్టు ఎడమన ఉంది, బావి కుడిన ఉంది. బావికి గిలక, చేద కూడా గీసింది. మూడింటిలోనూ అన్నీ తారుమారు, ఒక్కచోట కూడా తడబాటు లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. వాటి మీద నా ఎర్రపెన్ను ఇంటూ గుర్తులు, ఒకదాని కింద "శ్రద్ధగా చదువు" అని నా చేతిరాత.

ఇంటూలన్నీ కొట్టేసి టిక్కులు పెట్టాను. ఆ మాట కూడా కొట్టేసి, "నేను చెప్పడంలో తప్పు" అని రాశాను. సోమవారం ప్రేయర్ అవగానే ముందు తన దగ్గరికే వెళ్ళాలి.