నిద్ర పట్టక కాదట, నా గడియారమే లేటట

రాత్రి రెండు దాటితే గానీ నాకు నిద్ర రాదు. కాలేజీ రోజుల్లో మొదలై అలాగే ఉండిపోయింది. బద్ధకం అన్నవాళ్ళున్నారు, ఫోన్ పక్కన పడేస్తే అదే వస్తుందన్నవాళ్ళున్నారు. పడేశాను, రాలేదు. చివరికి నిద్ర సమస్యలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్తే, మాత్రలు రాసిస్తారనుకున్న నాకు ఒక కాగితం చేతికిచ్చారు.

అది నిద్ర డైరీ. లైటు ఎప్పుడు ఆపాను, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, అలారం మోగితే లేచానా లేక దానంతటదే తెలివొచ్చిందా, ఇవన్నీ పొద్దున లేవగానే రాయాలి. సెలవు రోజులు కూడా కలిసొచ్చేలా కొన్ని వారాలు రాయమన్నారు, కదలికల్ని బట్టి నిద్రను లెక్కేసే వాచీ లాంటిది ఒకటి చేతికి కట్టారు. మగతలో రాయడం విసుగే, కానీ సాయంత్రం గుర్తుచేసుకుని రాస్తే సగం ఊహే అవుతుంది. పొద్దుటి మనిషా రాత్రి మనిషా అని తేల్చడానికి 1976లో హార్న్, ఓస్ట్‌బర్గ్ అనే పరిశోధకులు తయారుచేసిన 19 ప్రశ్నల పత్రం కూడా నింపాను, అందులో అందరూ అనుకున్నదే వచ్చింది, రాత్రి మనిషినని. నన్నడిగితే డైరీయే అసలు సంగతి చెప్పింది.

ఆఫీసున్న రోజుల్లో నా నిద్ర రెండున్నర నుంచి ఆరున్నర వరకు. సెలవుల్లో మూడింటికి పడుకుంటే మధ్యలో లేవకుండా, అలారం లేకుండా పదకొండు వరకు. డాక్టర్ రెండింటికీ నడిమి సమయం గీసి చూపించారు: ఒకటి నాలుగున్నర, ఇంకోటి ఏడు. ఈ రెండున్నర గంటల తేడానే సోషల్ జెట్‌లాగ్ అంటారట. వదిలేస్తే ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోతున్నాను కాబట్టి ఇది నిద్రలేమి కాదు, నిద్ర టైముని నడిపే ఒంట్లోని గడియారం వెనక్కి, అంటే ఆలస్యం వైపు, జరిగిపోయింది, అంతే. ఇందులో జన్యువుల పాత్ర ఉంది, వయసు పాత్ర కూడా ఉంది. టీనేజీలో అందరికీ వెనక్కి జరిగి, ఇరవై దాటాక మెల్లగా ముందుకొస్తుంది. కొందరికి అంతగా రాదు.

"రేపట్నుంచి ఐదింటికే లేచి వెలుగులో కూర్చుంటా" అంటే డాక్టర్ వద్దన్నారు. శరీర ఉష్ణోగ్రత మామూలుగా లేచే టైముకి రెండు మూడు గంటల ముందు అతి తక్కువకి పడిపోతుంది, ఆ తర్వాత పడే వెలుగు గడియారాన్ని ముందుకు లాగితే, దానికన్నా ముందు పడే వెలుగు ఇంకా వెనక్కి నెడుతుంది. పదకొండింటికి లేచేవాడికి ఐదు గంటలంటే ఇంకా నడిరాత్రే! అందుకే సొంతంగా తెలివొచ్చే టైముకి లేచి వెంటనే బయటి వెలుగులోకి వెళ్ళడం, ఆ టైముని కొద్దికొద్దిగా ముందుకు జరపడం, రాత్రి లైట్లు తగ్గించడం. పడుకునే చాలా ముందే వేసుకోమని చిన్న డోసులో మెలటోనిన్ (రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్) ఇచ్చారు. డాక్టర్ని అడక్కుండా దాని జోలికి వెళ్ళకండి, టైమ్ తప్పితే అదీ ఎదురు తిరుగుతుంది.

దీనికోసం ముందు ఆఫీసులో లేటు షిఫ్ట్ అడగాల్సి వచ్చింది, అక్కడే ఎక్కువ టెన్షన్ పడ్డాను. డాక్టర్ రాసిచ్చిన కాగితంతో పాటు నా డైరీ కూడా చూపించాను, ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఒంటిగంట లోపే నిద్ర పడుతోంది, ఎనిమిదిన్నరకి లేస్తున్నాను. వరుసగా రెండు రాత్రులు మేలుకున్నానంటే మళ్ళీ వెనక్కి జారుతుంది. అప్పుడు మళ్ళీ పొద్దుటి వెలుగుతోనే మొదలుపెడతాను.