వజూకు ఎన్ని నీళ్లు కావాలి?

శుక్రవారం మధ్యాహ్నం మన అనంతపురంలో మసీదులో వజూ చేసే, అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే కొళాయిల దగ్గర కాసేపు నిలబడి చూడండి. కొళాయి పూర్తిగా తిప్పేసి ఉంటుంది. మనిషేమో చొక్కా చేతులు మడుచుకుంటూ పక్కవాడితో మాటల్లో ఉంటాడు. ఆ మడవడం అయ్యేలోపు బకెట్ నీళ్లు కాలువలో కలిసిపోతాయి. ఇంతలో ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) మొదలైందని తెలిసి, కాళ్ల మీద నాలుగు చుక్కలు చల్లుకుని లోపలికి ఒకటే పరుగు. అన్ని నీళ్లు పారినా మడమ మాత్రం తడవలేదు.

ఒక ప్రయాణంలో అస్ర్ (పొద్దువాలే వేళ నమాజు) వేళ మించిపోతోందని సహాబాలు (ప్రవక్త సహచరులు) హడావుడిగా పాదాలు తడిచేత్తో తుడుచుకుంటుంటే, ప్రవక్త (స) గొంతెత్తి హెచ్చరించారు: తడవని మడమలకు నరకాగ్ని ఉందని. అలసిపోయిన ప్రయాణికులకే ఆ హెచ్చరిక అయితే, స్కూటర్ మీద వచ్చిన మనకేం మినహాయింపు?

నీళ్ల కొలత సంగతి ఇంకా గట్టిది. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీళ్లతో వజూ, ఒక సా (నాలుగు ముద్దులు కాదు, నాలుగు ముద్ద్ కొలతలు) నుంచి ఐదు ముద్ద్‌ల నీళ్లతో గుసుల్ (ఒళ్లంతా తడిపే శుద్ధి స్నానం) చేసేవారని సహాబీ హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ముద్ద్ అంటే ఇప్పటి లెక్కలో ముప్పావు లీటరు అటూఇటూ. హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం లెక్క పట్టుకున్నా లీటరు చుట్టుపక్కలే. పారే నది ఒడ్డున ఉన్నా వజూలో నీళ్లు వృథా చేయొద్దన్న హదీసు (ప్రవక్త మాటగా చెప్పే ఉల్లేఖనం) కూడా ఉంది. దాని సనదు (ఎవరి నోట ఎవరికి చేరిందన్న వరస) మీద పండితులకు అభ్యంతరాలున్నాయి కాబట్టి పక్కన పెడదాం. అనస్ (రజి) చెప్పింది చాలదా? మన దగ్గర పారే నది కూడా లేదు. ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే వీధి పక్కనే మన వజూ కాలువ పారుతూ ఉంటే చూసేవాళ్లు ఏమనుకోవాలి?

మా జేజి చెంబు నీళ్లతో వజూ ముగించేది. మడమల పగుళ్లలో చేనిమట్టి ఇరుక్కుని ఉంటే వేలితో రుద్ది మరీ తడిపేది. చెంబులో ఏమైనా మిగిలితే కరివేపాకు చెట్టుకు పోసేది. "రేపు అల్లా ముందర ఈ నీళ్లకూ లెక్క చెప్పాల" అనేది. ఆమె ఏ మదర్సాలోనూ చదవలేదు.

వజూ గురించి చెప్పే ఖురాన్ సూరా మాయిదా 6వ ఆయతు (వాక్యం)లోనే తయమ్ముమ్ (నీళ్లకు బదులు మట్టితో శుద్ధి) కూడా ఉంది. ముఖం, మోచేతుల దాకా చేతులు, తల, చీలమండల దాకా పాదాలు అని చెప్పిన అల్లాహ్, అదే ఆయతులో నీళ్లు దొరక్కపోతే శుభ్రమైన మట్టి చాలన్నాడు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు, పరిశుద్ధపరచాలనే తన ఉద్దేశమని కూడా చెప్పాడు. నాకు ఈ ఆయతు చదివినప్పుడల్లా సహాబీ హజ్రత్ అమ్మార్ (రజి) గుర్తొస్తారు. గుసుల్ అవసరమై, నీళ్లు లేక, ఆయన ఒళ్లంతా మట్టి అంటేలా నేల మీద పొర్లారు. సంగతి విన్న ప్రవక్త (స) ఇలా చేస్తే సరిపోయేదని అరచేతులు నేలకు తాకించి, వాటి మీద ఊది, ముఖమూ చేతులూ తుడుచుకుని చూపించారు.

ఆ ఊదడం దగ్గరే నా మనసు ఆగిపోతుంది. మట్టికి కరువేముంది? అయినా అవసరానికి మించి అంటిన దుమ్మును ఊదేశారు. మట్టి విషయంలోనే అంత పొదుపు నేర్పిన దీన్ (ధర్మం) మనది. ఎక్కువ పోస్తే ఎక్కువ పాకీ (శుద్ధి) వస్తుందన్న భ్రమ మనకెక్కడ పట్టుకుందో! కొందరికి వస్వసా, ఎంత కడిగినా అనుమానం తీరదు. మూడుసార్లు అయ్యిందా, చాలు. ఆ తర్వాత వచ్చే అనుమానం షైతాన్‌ది. అలాగని డిసెంబరులో తెల్లవారుజామున ఫజర్‌కు చలి వేస్తోందని, ట్యాంకులో నీళ్లుండగానే తయమ్ముమ్ చేసేవాళ్లకు ఈ మాట సాకుగా దొరకకూడదు.

ఇంకొక్కటి. రెండు సమాధుల్లో శిక్ష జరుగుతోందని ప్రవక్త (స) చెప్పినప్పుడు, ఒకతను మూత్రం తుంపర్ల విషయంలో జాగ్రత్త పడనివాడు, రెండో అతను చాడీలు మోసినవాడు. వజూ గట్టు మీద కూర్చుని పక్కింటి సంగతులు మాట్లాడేవాళ్లు ఆ రెండో సమాధిని కాస్త తలుచుకోండి.

మసీదు కమిటీ పెద్దలకు ఒక మనవి. కొళాయిల పక్కన లీటరు మగ్గులు పెట్టించండి. వజూ కాలువను మురుక్కాలువలో కలపకుండా ఆవరణలోని చెట్ల వైపు మళ్లించండి. ఖర్చు ఎవరూ ఇవ్వకపోతే ఆ పైపుల డబ్బు నేనిస్తాను.