బెయిలు జబ్బు

మా బ్యారక్‌కి మందులు పంచడానికి ఒక కాంపౌండర్ వచ్చేవాడు. ఆయన పేరు రాయను, జైలు పేరూ రాయను. హైదరాబాదులోదే, అంతవరకు చాలు. లోపలికి వెళ్ళిన ఐదో రోజు నేనూ మందుల వరుసలో నిలబడ్డాను. నిద్ర పట్టడం లేదని, ముద్ద గొంతు దిగడం లేదని చెప్పాను. ఆయన తల కూడా ఎత్తకుండా "ఇది బెయిలు జబ్బు సార్. కాయితం రాంగనే తగ్గుతది" అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బెయిలు కాయితం వచ్చింది. జబ్బు మాత్రం పోలేదు. బయటికొచ్చాక ఇంకో పదకొండు నెలలు మాత్రలు మింగాను. ఈ మధ్యే డాక్టరు ఆపించారు. రాసే ఓపిక ఇప్పటికి వచ్చింది.

కేసు సంగతి క్లుప్తంగా చెప్తాను, దాని మీద వాదించే ఉద్దేశం లేదు. ఎల్బీ నగర్ వైపు ఒక ప్రైవేటు చిట్టీల కంపెనీలో నేను బ్రాంచి మేనేజర్‌ని. ఓనర్ డిపాజిట్లతో మాయమయ్యాడు. రసీదుల మీద సంతకాలు నావి. మా కాలనీలోనే పదకొండు ఇళ్ళవాళ్ళు నా మొహం చూసి డబ్బు కట్టారు, అందులో మా అత్తమ్మ కూడా ఉంది. 2023 నవంబరులో నన్ను తీసుకెళ్ళారు. మొత్తం 63 రోజులు లోపల ఉన్నాను.

గేటు దాటగానే బరువు చూశారు, పుట్టుమచ్చలు రాసుకున్నారు, బీపీ ఉందా, షుగర్ ఉందా, మందు అలవాటుందా, గంజాయి అలవాటుందా అని అడిగారు. మనసు సంగతి ఎవరూ అడగలేదు. నాన్న పోయాక 2016లో ఆరు నెలలు డిప్రెషన్‌కి మందులు వాడినవాణ్ణి నేను. అడిగితే చెప్పేవాణ్ణేమో. అడగలేదు కాబట్టి చెప్పలేదు, సిగ్గు కూడా. తర్వాత తెలిసింది, ఖైదీలు ప్రాణాలు తీసుకోకుండా ఏం చేయాలో చెబుతూ జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023 జూన్‌లోనే రాష్ట్రాలకు సూచనలు పంపిందట. లోపలికి వచ్చిన రోజు చేసే వైద్య పరీక్షలో మానసిక ఆరోగ్యం కూడా చూడాలని అందులో ఉందట. నేను వెళ్ళడానికి ఐదు నెలల ముందు మాట అది. ఒక్క ప్రశ్న అడగడానికి ఎంత ఖర్చవుతుంది?

రిమాండ్ పొడిగింపు వీడియోలోనే అయిపోయేది. తెర మీద జడ్జిగారు కనిపించేవారు, నా పేరు పిలిచేవారు, ఇంకో పద్నాలుగు రోజులు అనేవారు, అంతే. రెండోసారి బెయిలు కొట్టేసిన రోజే మా ఆవిడ ములాఖత్‌కి వచ్చింది. పాప వారం నుంచి స్కూలుకి వెళ్ళడం లేదని చెప్పింది. ఎందుకని అడిగితే తల పక్కకి తిప్పుకుంది. వెంట వచ్చిన మా బావమరిది "ధైర్యంగా ఉండు బావా, నీకంటే పెద్ద పెద్దోళ్ళున్నరు లోపల" అన్నాడు. ఓదార్పు అనుకునే అని ఉంటాడు. ష్యూరిటీకి మాత్రం రానన్నాడు.

ఆ రోజు నుంచి స్నానం మానేశాను. క్యారమ్స్ ఆడేవాళ్ళ పక్కన కూర్చోవడం మానేశాను. నేను లేకపోతే వీళ్ళకి ఈ పీడ వదులుతుంది అన్న మాట ఒకటి లోపల తిరగడం మొదలైంది. అది నా ఆలోచన కాదని, జబ్బు ఆడిస్తున్న మాట అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం లెక్క కట్టి తేల్చిన నిజంలాగే ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మా బ్యారక్‌లో సగం వకీలు ఒకడుండేవాడు, ఏడెనిమిది కేసులున్నవాడు. "అట్లాంటిది పైకి అన్నవనుకో, నీ మీద ఇంకో కేసు పడ్తది" అని మాటల్లో ఒకసారి అన్నాడు. అది నమ్మాను. నిజానికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు, వైద్యం చేయించాలి అని దాని 115వ సెక్షన్ చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత 309 సెక్షన్ కూడా 2024 జూలైలో ఐపీసీతో పాటే పోయింది. నాకేమో ఆ రోజుల్లో చట్టమంటే ఆ సగం వకీలే.

అయితే పక్క పరుపుల వాళ్ళు గమనించారు. వాళ్ళే వార్డర్‌కి చెప్పారు. అందుకు వాళ్ళకి జీవితాంతం రుణపడి ఉంటాను. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం రుణమేమీ లేదు. నా పేరు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, "నీ మంచికే" అని తీసుకెళ్ళి ఒంటరి సెల్లులో వేశారు. నా దగ్గరున్నవి కొన్ని తీసేసుకున్నారు. అవేంటో రాయను, అది ఎవరికీ పనికొచ్చే సమాచారం కాదు. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉండేది. తలుపు బయట ఒక రిజిస్టర్ వేలాడేది. చూసి వెళ్ళినప్పుడల్లా వార్డర్ అందులో సంతకం పెట్టాలి. తెల్లారాక ఒకరోజు ఆయన గోడకి ఆనుకుని రాత్రి సంతకాలన్నీ ఒకే ఊపులో పెట్టుకోవడం చూశాను. నాలుగు వైపులా ఆయనొక్కడే తిరగాలి, ఆ సంగతీ తెలుసు. తెలిసినా కోపం తగ్గదు.

టార్చి మొహం మీద పడేది. "ఏం సారూ, ఉన్నవా పోయినవా?"

ప్రతిసారీ ఇదే మాట. హాస్యానికే. ఆయన నవ్వేవాడు, చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయేవాడు. పగలు టీ పోసేవాడు కూడా అదే అడగడం నేర్చుకున్నాడు. ఉన్నానని రుజువుగా నేను చెయ్యి ఎత్తి చూపించాలి. రెండు రాత్రులు చూపించాను. మూడో రాత్రి ఎత్తలేదు. ఆయన గమనించలేదు.

ఆ మూడో రాత్రి డిసెంబరు చలి. గోడ అవతల ఏదో పెళ్ళి ఊరేగింపు, బ్యాండు మోగుతోంది. మా పెళ్ళిలో వాయించిన పాటే వచ్చింది. పాట అయిపోయింది, బ్యాండు దూరం వెళ్ళింది, లోపల ఏడుపు కూడా లేదు. అన్నిటికంటే భయం వేసేది అదే, ఇప్పుడు తలుచుకుంటే. భయం కూడా లేకపోవడం. ఏదో తేలిపోయినట్టు, చాలా తేలిగ్గా ఉంది. ఆ తేలిక మంచి గుర్తు కాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

ఎంతసేపయిందో, చువ్వల దగ్గర ఎవరో కూర్చున్న చప్పుడైంది. టార్చి లేదు. శిక్ష పడ్డవాళ్ళలో కొందరికి రాత్రి కాపలా పని ఇస్తారు, వాళ్ళలో ఒక ముసలాయన. యావజ్జీవం. బయట ఉన్నప్పుడు వడ్రంగి కాబట్టి అందరూ మేస్త్రి తాత అనేవారు.

"నిద్ర పడ్తలేదా సారూ?"

నేను పలకలేదు.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. సచ్చిపోవాలనిపిస్తుందా?"

డిగ్రీలున్నవాళ్ళు, నా కోసం దేవుళ్ళకు మొక్కినవాళ్ళు, ఎవరూ అడగని ప్రశ్న. సలుపుతున్న పంటిమీద వేలు పెట్టినట్టు సరిగ్గా అక్కడే పెట్టాడు. అవునన్నాను. ఆ అవును బయటికి రావడంతో పాటే ఏడుపూ వచ్చింది.

"ఎప్పటిసంది?"

"పది రోజులు."

"సరే. ఈ రాత్రి నేనీడికెంచి కదల." అలా అని గొంతెత్తి వార్డర్‌ని పిలిచాడు. నాకు భయం వేసింది, ఇంకో కేసు. వార్డర్ పరుగెత్తుకొచ్చాడు. ఆ "ఉన్నవా పోయినవా" మనిషే. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు. జైలర్‌ని లేపడానికి మనిషిని పంపాడు, తన ఫ్లాస్కులో టీ తెచ్చి చువ్వల్లోంచి ఇచ్చాడు, ఏం మాట్లాడాలో తెలియక "చక్కెర తక్కువైందేమో సార్" అన్నాడు. ఆయన్ని తిట్టుకోవాలని కూర్చున్న ప్రతిసారీ ఆ టీ అడ్డమొస్తుంది.

తెల్లారేదాకా తాత తలుపుల గురించి చెప్పాడు. టేకు తలుపు, వేప తలుపు, వానాకాలం ఏది ఉబ్బుతుంది, గొళ్ళెం బిగిసిపోతే ఎక్కడ చివ్వాలి. నీతులు ఒక్కటి చెప్పలేదు. పిల్లల్ని తలుచుకో అనలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, ఇరవై ఏళ్ళ కింద తను లోపలికొచ్చిన మొదటి వారంలో తనకీ ఇట్లనే అయిందని చెప్పి, మళ్ళీ తలుపుల్లోకి వెళ్ళిపోయాడు.

పొద్దున బయట ఆసుపత్రి నుంచి మానసిక వైద్యురాలు వచ్చింది. చిన్నమ్మాయి. ఇరవై నిమిషాలు కూర్చుంది, అన్ని రోజుల్లో నా కళ్ళలోకి చూసి మాట్లాడిన మొదటి తెల్లకోటు. ఒంటరి సెల్లు చూసి ఆమెకి కోపం వచ్చింది. కాపలా పెట్టమంటే ఒంటరిగా పెట్టమని కాదు అని జైలర్‌తోనే అంది. అరెస్టయిన మొదటి రోజులు, కోర్టులో ఎదురుదెబ్బ తగిలిన రోజు, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చిన రోజు, ఇవి అన్నిటికంటే ప్రమాదమట. నాకు ఆ మూడూ ఒక్క నెలలోనే పడ్డాయి. ఎస్సిటాలోప్రామ్ అని డిప్రెషన్ మాత్ర రాసింది. పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా మీ మనసు చెప్పేదేదీ నమ్మకండి అంది.

నన్ను మళ్ళీ అందరి మధ్యకి మార్చారు, వంతులవారీగా ఇద్దరు ఖైదీలను తోడు పెట్టారు. ఒకడు పాతబస్తీ కుర్రాడు, సెల్‌ఫోన్ల దొంగతనం కేసు. తోడు అంటే వాడి దృష్టిలో నా బిస్కెట్లు తినడం. తెల్లవారుజామున నమాజుకి లేచేటప్పుడు నన్నూ లేపేవాడు. "నువ్వు నమాజ్ చెయ్యకు అన్నా, మొహం కడుక్కో చాలు." మూడో వారంలో ఒక పొద్దున నాకు ఆకలేసింది. వాణ్ణి లేపి బిస్కెట్లు ఏవిరా అని పోట్లాడాను.

కాంపౌండర్ మాత్రం మారలేదు. మాత్ర నోట్లో వేసి, నాలుక ఎత్తించి చూసి, "బెయిలు మాత్ర" అనేవాడు.

జనవరిలో బెయిలు వచ్చింది. ఇంటికొచ్చాక అంతా బాగైపోతుందని మా ఆవిడ అనుకుంది, నేనూ అనుకున్నాను. రెండు నెలలు గుమ్మం దాటలేదు. కాలనీ కిరాణా కొట్టువాడు కూడా డిపాజిట్ కట్టినవాడే. చివరికి మా ఆవిడే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి తీసుకెళ్ళింది. మన ఊళ్ళో ఎర్రగడ్డ అంటే తిట్టు కదా, నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి అంటాం. నేనే ఎంతమందిని అన్నానో. ఓపీ చీటీ పట్టుకుని బల్ల మీద కూర్చుంటే పక్కన బ్యాంకు ఉద్యోగి, ఇటు పక్క ఇంటర్ పిల్ల, ఎదురుగా ఆటో డ్రైవర్. ఎవరూ జుట్టు పీక్కోవడం లేదు. టోకెన్ నంబర్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు, అంతే.

మా అత్తమ్మ యాదగిరిగుట్ట మొక్కు తీర్పించింది, గుండు చేయించుకున్నాను. తన డబ్బు పోయినా నా కోసం మొక్కుకున్న మనిషి. నరసింహస్వామి దయ అంటుంది. నేను మాత్ర దయ అనను ఆమె ముందు. గర్భగుడిలో కళ్ళు మూసుకుంటే నాకు మేస్త్రి తాత గొంతే వినపడింది, అది కూడా స్వామే అనుకుంటే నష్టమేముంది.

2022లో దేశం మొత్తం జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ అంకె చదివాక ఆ రోజు అన్నం తినలేకపోయాను. మొదటిసారి జైలుకి వచ్చినవాళ్ళ కోసం కౌన్సెలర్లను పెట్టమని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్న చోట ఉన్నారేమో. నా దాకా రాలేదు.

మీ వాళ్ళెవరైనా లోపలుంటే, ఇంతకుముందు ఎప్పుడైనా మనసుకి మందులు వాడి ఉంటే, ఆ చీటీల జిరాక్స్ పెట్టి సూపరింటెండెంట్‌కి కాయితం రాసివ్వండి, రసీదు అడగండి. బెయిలు కొట్టేసిన రోజు ములాఖత్‌లో ధైర్యం చెప్పి వెళ్ళిపోకండి, బయటికొచ్చి గేటు దగ్గరే సిబ్బందికి చెప్పండి, ఈ రాత్రి కొంచెం చూడండి అని. అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడతారు, అలా కాదు. బయట ఉన్నవాళ్ళయితే 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక సహాయ లైను అది, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడతారు. మా ఆవిడ నా గురించి ఒక అర్ధరాత్రి చేసింది, నాకు తెలియకుండా.

పోయిన నెల తాతని చూడటానికి ములాఖత్‌కి వెళ్ళాను. ఇప్పుడు అద్దానికి ఇటు పక్క నేను. లోపల చదువుకోడానికి చూపు ఆనడం లేదన్నాడు, కళ్ళజోడు కొని పట్టుకెళ్ళాను. గేటు దగ్గర తీసుకోలేదు. జైలు ఆసుపత్రి నుంచి చీటీ ఉండాలన్నారు. ఆ చీటీ రాయించి పంపేది ఎవరని అడిగాను. అదే కాంపౌండర్. వచ్చే శనివారం మళ్ళీ వెళ్ళాలి.