మూడేళ్ల దాకా అది విస్కీ కాదు

స్కాట్లండ్‌లో ఒక చిన్న డిస్టిలరీ అప్పుడే మొదలవుతుంటే పనిలో చేరాను. ఓనరు, ఆయన భార్య, నేను. అంతే స్టాఫ్. ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కెమికల్ ఇంజనీరింగ్ చదివి సారా కాస్తున్నావట్రా?" అన్నారు. కాదని ఎలా అంటాను? కాస్తున్నది నిజమే, కాకపోతే లైసెన్సుతో.

నిజానికి కాయడం కన్నా కడగడమే ఎక్కువ. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మరపట్టి, 64 డిగ్రీల వేడి దగ్గర నీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. ఈస్ట్ వేసి మూడు నాలుగు రోజులు పులియనిస్తే అందులో ఆల్కహాల్ 8 శాతం దాకా వస్తుంది. ఆ తర్వాత ట్యాంకులు, పైపులు, నేల అన్నీ కడుగు. పులుస్తున్న ట్యాంకులోకి తల పెట్టొద్దని మొదటిరోజే చెప్పారు. లోపల నిండా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది.

రాగి బట్టీలో రెండుసార్లు కాస్తాం. రాగి అందానికి కాదు, గంధకం వాసనను అదే లాగేస్తుంది. రెండోసారి కాచేటప్పుడు ముందు వచ్చేది నెయిల్ పాలిష్ వాసన కొడుతుంది. చివర వచ్చేది తడిసిన అట్టపెట్టె వాసన. ఆ రెండూ పక్కకు తీసి తర్వాతి బట్టీలో కలుపుతాం. మధ్యలోదే పీపాకెక్కుతుంది. మొదటి ధారలో నీళ్లు కలిపితే తెల్లగా మసకేసిందంటే ఇంకా ఆగాలి. ఇది పరీక్ష. చివర ఎక్కడ ఆపాలో మాత్రం ముక్కే చెప్పాలి. ఒకరోజు ఫోన్ చూస్తూ ఇరవై నిమిషాలు ఆలస్యం చేశాను. ఓనరు వాసన చూసి ఒక్క మాటా అనలేదు. ఆ రోజు తీసిందంతా మళ్లీ బట్టీలో పోయించారు. తిట్టినా బాగుండేది.

ఇంత చేసినా అది విస్కీ కాదు. ఓక్ పీపాలో, ఈ దేశంలోనే, కనీసం మూడేళ్లు ఉంటే తప్ప స్కాచ్ అనకూడదని 2009 నిబంధనలు. మా పీపాలు అమెరికా నుంచి వచ్చినవి. బర్బన్ అనే అమెరికా విస్కీకి ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త పీపానే వాడాలని అక్కడి చట్టం కాబట్టి, ఒకసారి వాడినవి ఇటు చేరతాయి. ఏటా రెండు శాతం దాకా గాలిలో కలిసిపోతుంది. దేవదూతల వాటా అంటారు. పన్నుల శాఖ దేవదూతల మాట వినదు, ఎంత తగ్గిందో లెక్క రాసి చూపాల్సిందే.

మరి మూడేళ్లు జీతాలెలా? జిన్ ఉంది. జూనిపర్ కాయలు వేసి కాస్తే కొన్ని వారాల్లో సీసాకెక్కుతుంది. ఓనరుకు జిన్ అంటే పడదు, కానీ కరెంటు బిల్లు కట్టేది అదే.

నేను నింపిన మొదటి పీపా మీద తేదీ నా చేతిరాతలోనే ఉంది. దానికి మూడేళ్లు నిండడానికి నాలుగు నెలల ముందే నా వీసా అయిపోతుంది. రెన్యువల్ కాగితాలు ఓనరు భార్య టేబుల్ మీద, పన్నుల ఫైలు కింద ఉన్నాయి. రోజూ నేల తుడిచేటప్పుడు ఒకసారి అటు చూస్తాను.