అల్లాయ్ చక్రాల అందం చెడకుండా బ్యాలెన్సింగ్

రోజూ భీమిలి బీచ్ రోడ్డు మీద తిరిగే నా కారు అల్లాయ్ చక్రాలకు గత ఏడాది ఒక దుకాణంలో బ్యాలెన్సింగ్ కోసం, అంటే చక్రం వణక్కుండా సమంగా తిరిగేలా, అంచుకు సుత్తితో కొట్టి బిగించిన చిన్న క్లిప్పు బరువును మొన్న తీయించి చూస్తే, దాని కింద అంచు పూత చిట్లి, తెల్లని పొడిలాంటి తుప్పు సన్నని దారాల్లా లోపలికి పాకి ఉంది. చాలా బాధ కలిగింది. విశాఖ ఉప్పుగాలికి ఆ చిన్న గీత చాలు.

ఇప్పుడు అతికించే బరువులనే వాడమని కోరుతున్నాను. 5, 10 గ్రాముల ముక్కలుగా వచ్చే ఈ పట్టీలను చక్రం లోపలి గోడకు, స్పోకుల వెనుక దాగేలా రెండు చోట్ల విడదీసి అతికిస్తే బయటికి ఏమీ కనిపించదు. ఆ విభజన లెక్కను చాలా కొత్త యంత్రాలే చేసి చూపిస్తాయి. అయితే అతికించే చోట బ్రేకు ధూళిని ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వకపోతే పట్టీ దారిలోనే ఊడిపోతుంది. తొందరలో చాలామంది వదిలేసేది ఈ తుడిచే పనినే, కాబట్టి నేను పక్కన నిలబడి చేయిస్తాను. పాత జిగురును ఇనుప స్క్రూడ్రైవరుతో గీకనివ్వకూడదు, ప్లాస్టిక్ పలక చాలు. పట్టీ బ్రేకు కాలిపర్‌కు, అంటే చక్రం లోపల బ్రేకు డిస్కును నొక్కిపట్టే భాగానికి, తగలకుండా చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి చూడాలి.

ఇలా చేయించిన తర్వాత మొన్న ఆనందపురం దాటాక జాతీయ రహదారిపై 90 కిలోమీటర్ల వేగంలోనూ స్టీరింగ్ వణకలేదు.