ఎయిర్‌పోర్ట్ రాడార్‌కి థాంక్స్

అమెరికాలో టోర్నడో సీజన్‌లో వాతావరణ హెచ్చరికల షిఫ్ట్ అంటేనే టెన్షన్. రాత్రి నెక్స్‌రాడ్‌లో (దేశమంతటా ఉన్న మామూలు వాతావరణ రాడార్) మసగ్గా ఉన్నచోటే, ఎయిర్‌పోర్ట్ డాప్లర్ రాడార్‌లో ఎరుపూ (రాడార్ నుంచి దూరంగా పోయే గాలి), ఆకుపచ్చా (దాని వైపు వచ్చే గాలి) ఒకదాన్నొకటి అంటుకుని కనిపించాయి. నేలకు దగ్గర్లోనే గాలి సుడి తిరుగుతోందన్నమాట!

నిజానికిది దిగే విమానాలను మైక్రోబరస్ట్‌ల (మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దూసుకొచ్చే గాలుల) నుంచి కాపాడటానికి పెట్టిన రాడార్. 1985లో డాలస్‌లో డెల్టా 191 విమానం అలాంటి గాలికే కూలాక దీని అవసరం గట్టిగా తెలిసొచ్చింది. కిరణం వెడల్పు సుమారు అర డిగ్రీ, నెక్స్‌రాడ్‌లో దాదాపు సగం, కాబట్టి చిన్న సుడి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పైగా ముప్పున్నప్పుడు నేలకు దగ్గరి స్కాన్ నిమిషానికోసారి వస్తుంది. ఆ ఒక్క నిమిషం విలువ షిఫ్ట్‌లో కూర్చున్నవాళ్లకే తెలుసు.

కాకపోతే 5 సెంటీమీటర్ల తరంగం కదా, కుండపోత వానలో నీరసించిపోతుంది. అవతల ఏమీ లేదని నమ్మామో, అంతే సంగతులు. అందుకే నెక్స్‌రాడ్ విండో మూయను.