గోరింటాకు చేతులతో బెర్సెర్క్

పొద్దున లేచేసరికి వాన. ఆదివారం, పైగా ఆషాఢం, ముహూర్తాల్లేవు కాబట్టి మా తమ్ముడు కూడా ఇంట్లోనే ఉన్నాడు, లేకపోతే ఆదివారం వాడు ఇంట్లో కనపడడు, ఎవరిదో ఒకరి పెళ్ళిలో కెమెరా పట్టుకుని తిరుగుతుంటాడు. మధ్యాహ్నం మునగాకు పప్పు (ఆషాఢంలో తినాలంట, ప్రతి ఏడాదీ ఇదే మాట), అది తిన్నాక అమ్మ గోరింటాకు రుబ్బిన గిన్నె తెచ్చి కూర్చోబెట్టింది. రెండు చేతులకీ పెట్టేసింది. ఇంక ఫోన్ ముట్టుకోడానికి లేదు, ముక్కు దురద పెట్టినా గోక్కోడానికి లేదు. సరే, ఒరేయ్, బెర్సెర్క్ పెట్టరా అన్నాను.

అదో జపాన్ ఆనిమే, 1997లో వచ్చిన పాతదే, 25 ఎపిసోడ్లది. పోయినసారి నేను ఇంటికొచ్చినప్పుడు ఏడు అయ్యాయి, ఇవాళ ఎనిమిది నుంచి పదహారు దాకా లాగించాం. నాకిది రెండోసారి, వాడికి మొదటిసారి. మొదటి ఎపిసోడ్‌లోనే హీరో గట్స్‌ని ఒంటరిగా, ఇనప చెయ్యితో చూపించేసి తర్వాత అంతా వెనక్కి వెళ్ళి చెప్తారు కదా, అంటే ఏదో కొంప మునిగిందని వాడికీ తెలుసు, ఎలా మునిగిందో తెలీదు. నాకు తెలుసు. తెలిసి చూడటం వేరే రకం నరకం. హాస్టల్లో మొదటిసారి చూసినప్పుడు ఈ మధ్యలోవన్నీ గబగబా అవగొట్టేశాను, అందరూ చివరి ఎపిసోడ్ల గురించే చెప్పేవాళ్ళు మరి. ఎంత తెలివితక్కువ పని చేశానో ఇవాళ అర్థమైంది.

ఎనిమిది, తొమ్మిదిలో కుట్ర, హత్య. గట్స్ పనిచేసే కిరాయి సైనికుల దండుకి నాయకుడు గ్రిఫిత్, అతని మీద విషం పూసిన బాణం వేయించింది రాజుగారి తమ్ముడు జూలియస్, వాడిని చంపే పని గ్రిఫిత్ గట్స్‌కి అప్పజెప్తాడు. గట్స్ చంపుతాడు, అంతవరకు సరే, తలుపు దగ్గర ఎవరో చూశారని వెనక్కి తిరిగి చూడకుండా కత్తి దించేస్తే అది జూలియస్ కొడుకు, చిన్నపిల్లాడు. నా తమ్ముడు ఛ అని పక్కకి తిరిగాడు. ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని గట్స్ ఉండిపోయే ఆ కాస్తసేపు, తొమ్మిదో ఎపిసోడ్‌లో నాకదే అసలైనది.

వెంటనే ఆ రాత్రే, గాయాలతో, మురుగు కాలవలో తడిసిన బట్టలతో గట్స్ వెళ్ళేసరికి గ్రిఫిత్ మెట్ల మీద రాకుమారి షార్లెట్‌తో స్నేహితుడంటే ఎవరో చెప్తుంటాడు. నాకు నిజంగా స్నేహితుడంటే ఇంకొకడి కలకి వేలాడేవాడు కాదు, తన దారి తనే వెతుక్కునేవాడు, అవసరమైతే నాకే ఎదురు నిలబడేవాడు, నాతో సమానమైనవాడు, ఆ అర్థంలో. మొదటిసారి గ్రిఫిత్ మాటలే విన్నాను, ఎంత బాగా చెప్పాడ్రా అనుకున్నాను. ఈసారి కింద నిలబడి వింటున్న గట్స్ మీదనుంచి చూపు తిప్పలేదు. ఈయన కోసమే ఇప్పుడే ఒక పసివాణ్ణి చంపొచ్చాడు, ఈయన లెక్కలో మాత్రం స్నేహితుడు కాడు. కథ మొత్తం అక్కడే విరిగింది, చప్పుడు కాకుండా, యుద్ధాలూ రాక్షసులూ అన్నీ తర్వాత వచ్చినవే.

పదకొండులో ఆ దండులోనే ఉన్న ఆడ సేనాని కాస్కా జ్వరంతో, నెలసరిలో ఉండి కూడా గుర్రమెక్కి యుద్ధానికొస్తుంది, కొండ అంచు మీద నుంచి పడిపోతుంటే పట్టుకోబోయి గట్స్ కూడా పడతాడు. ఇది మగవాళ్ళ పత్రికలో వచ్చిన కథ అని గుర్తుంచుకుని చూస్తే ఆ ఒక్క ముక్క పెట్టడమే గొప్పనిపించింది, ఎందుకంటే కాస్కా బలహీనురాలు అని చెప్పడానికి కాదు పెట్టింది, ఇన్నేళ్ళూ ఇలాగే ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చిందని మనకి తెలియడానికి. ఇంతలో గుహ వచ్చింది. తడిసిన బట్టలు తీసేసి గట్స్ ఆమెకి వెచ్చదనం ఇస్తున్న సీన్, సరిగ్గా అప్పుడే అమ్మ టీ గ్లాసులతో లోపలికి. నా చేతులకి గోరింటాకు, రిమోట్ ముట్టుకోలేను, తమ్ముడేమో కొయ్యబారిపోయాడు. అమ్మ రెండు నిమిషాలు నిలబడి చూసి, ఆ పిల్లకి జ్వరమా అంది. అవునమ్మా. సరే, చలార్చకండి టీ, అని వెళ్ళిపోయింది. నాకు మాత్రం తమ్ముడే గ్లాసు నోటి దగ్గర పెట్టి తాగించాల్సొచ్చింది, సగం నైటీ మీదే.

ఎడాన్ అని ఒక శత్రువు ఉంటాడు, నోరు తప్ప ఏమీ లేదు, మా వంశంలో తరతరాలుగా వస్తున్న విద్య అంటూ ప్రతి దెబ్బకీ ముందు ఉపన్యాసం, మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి టైపు. వాడంటే నాకు విసుగు, తమ్ముడికి వాడొస్తే నవ్వు. వాడి మనుషులు వందమంది చుట్టుముడితే కాస్కాని గ్రిఫిత్ దగ్గరికి పొమ్మని పంపేసి గట్స్ ఒక్కడే నిలబడే ఎపిసోడ్ పదమూడు. బొమ్మ కదిలేది తక్కువే, కత్తి లేస్తుంది, టక్కున రంగులద్దిన పెయింటింగ్‌లా ఆగిపోతుంది, తీసినవాళ్ళ చేతిలో డబ్బుల్లేవని తెలిసిపోతుంటుంది. నేను అదే అంటే తమ్ముడు ఒప్పుకోలేదు, ఎడిటింగ్ చేసేవాడు కదా, స్టిల్ పెట్టినా ఎక్కడ కట్ చెయ్యాలో తెలిసినోడు పెట్టాడక్కా అన్నాడు. తెల్లారాక శవాల మధ్య చెట్టుకి ఆనుకుని కూర్చున్న గట్స్ దగ్గర ఎపిసోడ్ అవ్వడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి.

చీకటి. వాన. ఖాళీగా ఉండలేక వాడికి మియురా కెంతారో సంగతి చెప్పాను. ఈ ఆనిమేకి మూలమైన మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆయనదే, 1989 నుంచి దాన్ని గీస్తూ 2021 మే 6న, 54 ఏళ్ళకే పోయాడు, కథ మధ్యలోనే. హైస్కూల్లో తనతో చదువుకున్న మోరి కోజి అనే స్నేహితుడికి (ఆయనా మాంగా గీసేవాడే) ఎప్పుడో ఒకసారి చివరిదాకా కథ చెప్పాడంట, ఆ గుర్తున్న దాంతోనే, సొంతంగా ఏమీ కలపకుండా, 2022 జూన్ నుంచి మియురా శిష్యులతో కలిసి ఆయన నడిపిస్తున్నాడు. గట్స్, గ్రిఫిత్‌ల స్నేహంలో కూడా ఈ ఇద్దరి స్నేహం కొంత ఉందని మియురానే చెప్పుకున్నాడు. తమ్ముడు ఏమీ అనలేదు. కాసేపాగి, మరి వీళ్ళిద్దరిలో గ్రిఫిత్ ఎవరక్కా అన్నాడు. నాకేం తెలుసురా.

కరెంటు ఎంతకీ రాలేదు, పద్నాలుగు లాప్‌టాప్‌లోనే పెట్టాడు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని. నిజానికి అలా చూడటమే మంచిదైంది. రాత్రి, గుట్ట మీద గట్స్, కాస్కా, కింద దండంతా చలిమంటలు వేసుకుని ఉంటుంది, చుక్కల్లా. ఆ ఒక్కో మంటా ఒక్కొక్కడి చిన్న కల, అందరూ తెచ్చి గ్రిఫిత్ పెద్ద మంటలో వేశారు, నాది మాత్రం అందులో లేదు, నేను దారినపోతూ చలి కాచుకోడానికి ఆగినవాడినేమో అంటాడు గట్స్. పెద్ద డైలాగులా కాదు, ఏదో తనలో తను అనుకుంటున్నట్టు. హిరసావా సుసుము సంగీతం ఈ సిరీస్‌కి సగం ప్రాణం, అసలు ఇలాంటి నెమ్మదైన సీన్లలోనే అది బాగా పట్టేస్తుంది.

తమ్ముడు దాన్ని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి కూడా. వాడు రెండేళ్ళుగా వాళ్ళ ఫ్రెండ్ స్టూడియోలో చేస్తున్నాడు, కెమెరాలు ఆ ఫ్రెండువి, డ్రోన్ ఆ ఫ్రెండుది, బోర్డు మీద పేరూ అతనిదే, రాత్రిళ్ళు కూర్చుని ఎడిటింగ్ చేసేది మాత్రం మావాడు, జీతం అని అడగడానికి మొహమాటం. నేనేమీ అనలేదు. ఇంతకుముందు చాలాసార్లు అన్నాను, అన్నప్పుడల్లా గొడవే అయింది. మంచం మీద ఫోన్ మోగింది, ఎవరో చూసి బోర్లా పెట్టేశాడు.

శత్రువుల డోల్డ్రే కోట ముట్టడి, పదిహేను, పదహారు, అది ఉత్త పండగ. అయిదువేల మందితో ముప్ఫైవేల మందిని కొట్టడం, గట్స్ కత్తి విరిగితే కొండ మీద నుంచి జోడ్ అనే రాక్షసుడు తన కత్తి విసరడం, కాస్కా చేతిలో ఎట్టకేలకి ఎడాన్ నోరు మూతపడటం, కోట మీద జెండా. కరెంటొచ్చింది, తమ్ముడు ఈలలు, అమ్మ వంటింట్లోంచి కేకలు. వీళ్ళందరి ఈ సంతోషం ఎక్కువ రోజులు ఉండదని నాకొక్కదానికే తెలుసు, అందుకే మొహం అటు తిప్పుకుని గోరింటాకు రాలగొట్టుకుంటూ కూర్చున్నాను.

కడుక్కుంటే కుడి చెయ్యి ఎర్రగా పండింది, ఎడమది వెలిసిపోయినట్టుంది, టీ గోలలో రాలిపోయి ఉంటుంది. తొమ్మిదిన్నరకి బస్సు. బస్టాండ్‌లో దింపేటప్పుడు బండి ఆపి, గట్స్ వెళ్ళిపోతాడు కదా అక్కా, దండు వదిలేసి, అన్నాడు. నేను చెప్పనురా, నేనొచ్చేదాకా పదిహేడు పెట్టకు అన్నాను. ఊఁ అన్నాడు. పెట్టేస్తాడు ఈ రాత్రికే, నాకు తెలుసు.